గుర్రానికి లేనిది

మా ఇంట్లో ‘లేదు’ అనకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. కిరసనాయిలు అయిపోతే రేపు తేవాలనాలి. నోరు జారితే అమ్మ పొయ్యి దగ్గరి నుంచే, “గా మాట అనకు. తథాస్తు దేవతలుంటరు. లేదంటె లేకనే పోతది,” అనేది. నాచారంలో ఫ్యాక్టరీ జీతం మీద బతికే ఇల్లు కాబట్టి, నెలాఖరుకు మా ఇంట్లో చాలా వస్తువులు నిండుకునే ఉండేవి. ఇక పెద్దవాళ్లు అడిగినప్పుడు ఆ మాట అసలే రాకూడదు. బాపు అడిగినా, బడిలో సారు అడిగినా ఏదో ఒకటి వెతికి చూపించాలి తప్ప, లేదనడం పొగరు కింద లెక్క.

ఎనభైల చివర్లో ఆ నోటితోనే నేను పశువైద్యం చదవడానికి వెళ్లాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర చాయ్ తాగేవాళ్లందరి ముందూ బాపు నన్ను అప్పుడే డాక్టర్ని చేసేశాడు.

మొదటి ఏడాది అనాటమీ పెద్ద గండం. ఆ పరీక్ష తప్పితే పై తరగతికి పంపరు, స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అది ఆగితే చదువు మాన్పించి నన్నూ ఫ్యాక్టరీలో పెట్టించడం తప్ప బాపుకు వేరే దారి ఉండదు. అందుకే ఇల్లంతా వినపడేలా చదివేవాణ్ణి. ఆవు పిత్తాశయం బేరిపండులా కాలేయం అంచు దాటి కిందికి వేలాడుతుంది. కుక్కది కాలేయం పాయల్లాంటి తమ్మెల మధ్య దాక్కుని ఉంటుంది. పిల్లికి ఒక్కోసారి రెండుగా చీలి కనిపిస్తుంది. కోడికి ఉంటుంది, పావురానికి ఉండదు. గుర్రానికి ఉండనే ఉండదు. ఆదివారం కోడిని కోస్తూ అమ్మ కార్జం మీది ఆకుపచ్చ తిత్తిని వేలితో చూపించి, “గిదేనా నువ్వు చదివేది? ఇది పగిలితె కూరంత చేదే,” అని నవ్వేది.

వైవాకు వేరే కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నెరిసిన తల, బాపు వయసు. ఫార్మలిన్ వాసన కొడుతున్న కాలేయాన్ని ట్రేలో నా ముందుకు జరిపి, ఎంతో మర్యాదగా, “పిత్తాశయం ఎక్కడుందో చూపించు బాబూ,” అన్నారు.

చూడగానే తెలిసింది, అది గుర్రానిదని. జవాబు నాలుక చివరనే ఉంది. కానీ అంత పెద్దాయన చూపించమని అడిగితే లేదని ఎట్లా అనడం? ఫోర్సెప్స్ తీసుకుని వెతకడం మొదలుపెట్టాను. తమ్మెలు ఎత్తి చూశాను, తిరగేసి చూశాను. లేదని తెలిసీ వెతకడమంత సిగ్గుమాలిన పని ఇంకోటి ఉండదు. చివరికి ఒక నాళం మీద కొన పెట్టి, “ఇది సార్,” అన్నాను.

“ఇదేనా?”

“ఇదే సార్. కొంచెం చిన్నగా ఉంది.”

ఆయన కళ్లజోడు తీసి, పక్కనున్న మా సారుతో, “గుర్రానికి పిత్తాశయం అమర్చాడండీ మనవాడు,” అన్నారు. గది గదంతా నవ్వింది. తమ వంతు కోసం నా వెనక నిలబడ్డ ఆడపిల్లలు కూడా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడైనా, తెలుసు సార్ అనొచ్చు. ఫోర్సెప్స్ ట్రే పక్కన పెట్టేశాను. “వచ్చే ఏడు కలుద్దాం,” అని ఆయన ట్రే వెనక్కి లాక్కున్నారు.

ఉప్పల్ చౌరస్తాలో దిగి, నాచారం బస్సు ఎక్కకుండా నడిచాను. గేటు దగ్గర బాపు దోస్తులెవరైనా “డాక్టర్ సాబ్” అని పిలుస్తారేమోనని వెనక గల్లీలోంచి ఇల్లు చేరాను. అమ్మ నా ముఖం చూసే పోల్చుకుంది. జరిగిందంతా చెప్పాను.

“గుర్రానికి ఉండదని నీకు తెల్వదా?”

“తెలుసు.”

“మరెందుకు చెప్పలె?”

“పెద్దాయన అడిగిండమ్మా. లేదని ఎట్ల అంట?”

 అమ్మ పొయ్యి ముందు కూర్చుని మంట తగ్గించింది.

అంతలో పక్క పోర్షన్‌లో ఉండే కోస్తావాళ్లావిడ, రైల్వే గుమాస్తా గారి భార్య, గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. “వదినగారూ, చుట్టాలొచ్చారు. కాస్త పంచదార ఉంటే ఇస్తారా?”

అమ్మ లేచి చక్కెర డబ్బా దించింది. అది ఖాళీ అని మా ఇద్దరికీ తెలుసు. ‘నిండుకుంది’ అంటుందని చూశాను. అమ్మ మూత తీసి, మళ్లీ పెట్టి, ఆవిడ వంక కాకుండా నా వంక చూస్తూ అంది.

“లేదు.”

ఆవిడ గిన్నెతో వెనక్కి వెళ్లిపోయింది. అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదలు. పొద్దున గదంతా నవ్వినప్పుడు కూడా నాకు అంత సిగ్గు వేయలేదు.