మూడో ప్రశ్న

మా క్యాంపస్ ల్యాబ్‌లో ఒక సీనియర్ అక్క ఉండేది. మేం రాసిన డేటాబేస్ ఇంజిన్ సరైన జవాబులిస్తోందో లేదో చూడటం ఆమె పని. ఏ పట్టికకైనా మూడే ప్రశ్నలు వేసేది: తార్నాకలో ఉండేవాళ్లెవరు, ఉండనివాళ్లెవరు, చిరునామా తెలియనివాళ్లెవరు? మూడూ కలిపితే పట్టికలోని అందరూ రావాలి. చాయ్ చెప్పేటప్పుడూ అంతే. తాగేవాళ్లను, తాగనివాళ్లను లెక్కపెట్టి, "ఏం చెప్పనోళ్లు ఎంతమంది?" అని అడిగేది.

ఒకరోజు ల్యాబ్‌లోని పన్నెండుమంది పేర్లతో పరీక్ష పెట్టింది. మొదటి ప్రశ్నకు ఏడుగురు, రెండోదానికి నలుగురు వచ్చారు. మూడోదానికి సున్నా.

"ఒక్కరే కదక్కా తక్కువైంది, ఏమైతది?" అన్నాను. ఆ కోడ్ నాది.

"ఆ ఒక్క మనిషి ఏడికి పోయిండు? దొరికేదాంక ఇది బయటికి పోదు," అంది.

సాయంత్రానికి దొరికింది. చిరునామా గడి ఖాళీగా ఉన్న వరసను నా కోడ్ మింగేసింది. ఆ వరసలో ఉన్నది అక్క పేరే. ఆమె నవ్వలేదు. "ఇగ సరిచెయ్యి," అంది. సరిచేశాక మూడో ప్రశ్నకు ఆమె పేరొచ్చింది. తన చిరునామా గడి మాత్రం ఆమె నింపలేదు.

మొన్న తార్నాక మెట్రో మెట్ల దగ్గర ఆనాటి ల్యాబ్ మిత్రుడు కలిశాడు. "అక్క ఇంకా గీడనే ఉన్నదా?" అని అడిగాడు. ఉందని చెప్పలేకపోయాను, లేదనీ చెప్పలేకపోయాను. మూడో ప్రశ్నకు ఇప్పటికీ ఆమె పేరే వస్తోంది.