అడిగినా, ఇచ్చినా బిట్టె

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలంలో మా అవ్వ అరికాల్లో తుమ్మముల్లు దిగి లోపలే విరిగింది. గోనెగండ్ల దగ్గర మాది వాన మీద ఆధారపడిన చిన్న సేద్యం. ముల్లు గుచ్చుకుంటే పిన్నీసుతో తీసేసుకొని మళ్లీ చేలోకి నడిచే మనిషి ఆమె. ఈసారి మాత్రం పాదం వాచి, చీము పట్టి, జ్వరం వచ్చింది. అయినా ఎవరినీ సాయం అడగలేదు. ఒకరి ముందు నోరు తెరిచి అడగడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టుండేది.

పక్కింటి అక్క ఆదోనిలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుంటుండేది. సెలవుకు ఊరికొచ్చి ఆ కాలు చూసి, వద్దన్నా వినకుండా అవ్వనూ, తోడుగా నన్నూ బస్సెక్కించింది.

ఆ ఆస్పత్రిలో జర్మనీ నుంచి వచ్చిన ఒక సిస్టరమ్మ ఉండేది. ఏది కావాలన్నా ముందు వాళ్ల భాషలో ‘బిట్టె’ అనేది. దయచేసి అని దానికర్థం. దాన్ని తెలుగులో ఏమంటారని అక్కను అడిగిందట. దయచేసి అనే మాట పుస్తకాల్లో ఉంది గానీ మా ఇళ్లల్లో ఎవరంటారు? అక్క ఆలోచించి ‘రోంత’, అంటే కొంచెం, అని చెప్పింది. రోంత నీళ్లియ్యప్పా, రోంత జరుగమ్మా అనే కదా మేము అడిగేది. అప్పటి నుంచి సిస్టరమ్మ ప్రతిదానికీ రోంత తగిలించేది. ‘రోంత సూది’ అనగానే వార్డంతా నవ్వేది, ఆమె కూడా నవ్వేది.

మా అవ్వ మాత్రం కాలు ముట్టనివ్వలేదు. ఇట్లాగైతే కాలే తీసేయాల్సొస్తుందని కాంపౌండరు కేకలేశాడు. ఆమె పాదాన్ని చీర కిందికి లాక్కొని గోడ వైపు తిరిగి, “ఇంటికి పోదాం పా” అంది నాతో. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు సిస్టరమ్మ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. కాలు పట్టుకోలేదు. రెండు అరచేతులూ చాపి, “అవ్వా, బిట్టె. రోంత” అని ఊరుకుంది. అట్లాగే కూర్చుంది. అవ్వ చాలాసేపు ఆ చేతుల వైపు చూసి, “అంత సదువుకున్న మనిషి నేల మీద కూసోని అడుగుతాందే” అని గొణిగి, మెల్లగా పాదం ఆ చేతుల్లో పెట్టింది. ముల్లు బయటికి వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఇంటికి పంపించే రోజున, మేలు చేసినవాళ్లతో వాళ్ల భాషలో ఏమనాలని అవ్వ అక్కను అడిగింది. డాంకె అనాలంది అక్క. పొద్దంతా అదే మాట నోట్లో నానబెట్టుకొని, పోయేటప్పుడు చేతులు జోడించి, “డాంకె తల్లీ” అంది. సిస్టరమ్మ ముఖం ఎర్రబడిపోయింది. “బిట్టె, బిట్టె” అంది.

అవ్వ బిత్తరపోయింది. “ఇంగా ఏమి కావల్లంట ఈయమ్మకు? నా తాన ఏముండాది ఇయ్యనీకి?”

అక్క నవ్వాపుకోలేకపోయింది. “ఏమీ అడగలేదవ్వా. డాంకె అంటే జవాబు కూడా అదే. వాళ్లల్లో అడిగినా అదే మాట, ఇచ్చినా అదే మాట.”

బస్సులో అవ్వ కట్టు కట్టిన పాదం వైపు చూసుకుంటూ కూర్చుంది. తరువాత తనలో తాను అనుకున్నట్టు, “అంటే ఇచ్చినామె కూడా అడిగినోళ్ల మాదిరే తల వంచిందన్న మాట” అంది.

కాలు మానేదాకా నడవకూడదన్నారు. మరునాడు పొద్దున అవ్వ అరుగు మీద కూర్చొని, అక్క వాళ్లమ్మను పిలిచి ఒక బిందె నీళ్లు తెచ్చిపెట్టమని అడిగింది. ఆమె నోట అట్లాంటి మాట నేను వినడం అదే మొదలు. అక్క వాళ్లమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇన్నేళ్లకు ఒక పని చెప్పిందని మురిసిపోయింది.

ఇప్పుడు ఎమ్మిగనూరు బస్టాండులో మెట్టెక్కడానికి ఎవరో ఒకరి చెయ్యి అడగాల్సిన వయసు నాది. అడగడానికి నాకేమీ చిన్నతనం లేదు. ఎవరైనా నా దగ్గరికి ఏదైనా అడగడానికి వస్తే మాత్రం, కుర్చీలో నుంచి లేచి ముందు వాళ్ల పక్కన కూర్చుంటాను.