పోల్ కట్టిన తొడ

ఫారో దీవుల్లో తూర్పు కొసన, ఇక ఆపైన సముద్రమే తప్ప ఏమీ లేని ఫ్యూగ్లోయ్ దీవిలో ఎల్స్పా పుట్టింది, అక్కడే పెళ్లాడింది. పడవ ఆగడానికి ఒడ్డంటూ లేని దీవి అది. అల పైకెత్తినప్పుడు బండ మీదికి దూకాలి. వెయ్యేళ్లుగా అలాగే దూకుతున్నారు. ఎప్పుడో ఒకరు దూకలేకపోతారు. ఆ నవంబరులో ఆమె భర్త పోల్ దూకలేకపోయాడు.

ఎల్స్పా ఏడవలేదు. ఆవు పాలు పితికింది, ఉన్ని వడికింది. పలకరించడానికి వచ్చినవాళ్లే కళ్లు తుడుచుకుని వెళ్లారు. మనిషి మొద్దుబారిపోయింది.

పోవడానికి ముందు నెలలోనే పోల్ గొర్రెల్ని కోసి, గాలి ఆడేలా సందులు వదిలి చెక్కలు కొట్టిన కొట్టంలో మాంసం తాళ్లతో కట్టి వేలాడదీశాడు. ఉప్పు రాసే పనిలేదు, సముద్రపు గాలే ఎండబెడుతుంది. ముక్క నోట్లో పడగానే అది ఏ ఇంటి కొట్టానిదో చెప్పే నాలుకలున్న ఊరు. క్రిస్మస్‌కు తొలి ముక్క కోస్తారు. పోల్ ఏటా అది నమిలి ఒకటే మాట అనేవాడు: "తొందరపడ్డావే. ఇంకో వారం ఆగాల్సింది." ఎల్స్పాకు ఒళ్లు మండేది.

ఆ క్రిస్మస్‌కు మాంసమంతా చుట్టాలకు పెట్టేసింది. ఒక్క తొడ మాత్రం మూల కొక్కేనికి ఉంచేసింది. ఏడాది తిరిగి మళ్లీ గొర్రెల కోత వచ్చింది. పోల్ చెల్లెలు బిల్లా, ఎల్స్పా వాటా మాంసం మోసుకొచ్చి కొట్టంలోకి తొంగిచూసింది.

"ఇదెవరికి దాచావు వదినా? రెండో పెళ్లికా?"

"ఉండనీ."

"ఎన్నాళ్లుంటుంది? పురుగు పడుతుంది. అన్నయ్య కష్టం పురుగులు తింటే నీకు సమ్మతమేనా?"

అది కోస్తే పోల్ చేత్తో కట్టినది ఇంకేదీ మిగలదు. కోయకపోతే పురుగుల పాలు. ఏడాదిగా ఎల్స్పాకు అన్నీ ఒకటే. ఇవి రెండూ మాత్రం ఒకటి కాలేదు.

బిల్లా తాడు మీద కత్తి పెట్టబోయింది.

"తెంపకు. ముడి ఆయనది," అని ఎల్స్పా తనే గోళ్లతో నెమ్మదిగా విప్పింది. బూజు గీకేస్తే లోపల మాంసం చిక్కటి ఎరుపున ఉంది, చెక్కుచెదరలేదు. పల్చగా కోసి ఒక ముక్క ఆడపడుచుకిచ్చి, ఒకటి తను నోట్లో వేసుకుంది. నములుతూ, ఏటా అలవాటైన ఆ మాట కోసం ఆగింది.

బిల్లా ఇంకో ముక్కకు చెయ్యి చాపింది.

"ఏడాది ఆగాను పోల్," అంది ఎల్స్పా. "ఇప్పుడను."

అప్పుడొచ్చింది ఏడుపు. బిల్లా ఆమె చేతిలోంచి కత్తి తీసుకుంది.