ఉడత బొరియ దగ్గర నాగుల చవితి

మేముండే ఫ్రీమాంట్ ఊరి వెనక కొండల మీద చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. వేసవి మొదలయ్యేసరికే అదంతా ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. ఓపిగ్గా చూస్తే అందులో చాలా కనిపిస్తాయి: బొరియల ముందు నిలబడి కాపలా కాసే నేల ఉడతలు, వాటి కోసం పైన తిరిగే ఎర్రతోక గద్దలు, ఎప్పుడో ఒకసారి తోక చివర గిలక ఉండే విషప్పాము రాటిల్‌స్నేక్. శనివారాలు నేనక్కడ తిరిగేవాణ్ణి. పాము తన పొడవులో సగం దూరం దాకా కాటు వేయగలదని లైబ్రరీ పుస్తకంలో చదివి, దానికి రెట్టింపు ఎడం లెక్క వేసుకుని నడిచేవాణ్ణి.

ఎనభైల మొదట్లో ఒక ఏడాది నాగుల చవితి శనివారం పడింది. నా భార్యకు అప్పుడు ఆరో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి పుట్టలో పాలు పోసి తీరాలంది. ఆ కొండల మీద పుట్టలెక్కడివి? ఉడత బొరియతోనే సరిపెట్టుకుందామన్నాను. కింది ఫ్లాట్‌లో ఉండే గుంటూరావిడ, పాలు ఉడతకా పాముకా అని మమ్మల్ని సాగనంపింది.

బొరియకు దూరంగా నా భార్యను ఆపి, పాలు నేను పోస్తానన్నాను. ఒప్పుకోలేదు. ఆ వాదనలో ఉండగానే ఒక ఉడత కీచుమంది. తోక విదిలిస్తూ, వెనక్కాళ్లతో మట్టి చిమ్ముతూ, గడ్డిలోని రాటిల్‌స్నేక్‌ను తరుముతోంది. పాము గిలక ఆడిస్తూ మా ముందున్న బయలులోకి వచ్చింది. అంతే, పైనుంచి గద్ద దాని మీద పడింది. గోళ్లతో మెడనూ నడుమునూ నేలకదిమి, ముక్కుతో తల తెంపేసింది. మెలికలు తిరుగుతున్న మొండేన్ని కంచె స్తంభం మీదికి ఎత్తుకుపోయింది. ఆమె చీర కుచ్చిళ్ల మీద నెత్తుటి చుక్కలు పడ్డాయి. తల మా ముందే గడ్డిలో ఉండిపోయింది.

చవితినాడు కళ్లెదుట పాము చావు. పాలు పోసి పూడ్చకపోతే కడుపులో బిడ్డకు దోషం తగులుతుందంటూ, ఆమె ఆ తల కోసం వంగి చెయ్యి చాపింది. మణికట్టు పట్టి వెనక్కి లాగాను.

"వదలండి. మీ లెక్కలు నా బిడ్డను కాపాడతాయా?"

పెనుగులాటలో గాజులు పగిలి ఆమె చెయ్యి కోసుకుంది. ఆమె చేతిలోని పాల చెంబు జారి పాము తల పక్కన పడింది. తెగిన ఆ తల నోరు తెరిచి చెంబు అంచును కరిచింది. కోరలు స్టీలును గీసిన చప్పుడు ఇద్దరం విన్నాం. పచ్చటి విషపు చుక్క ఒకటి అంచు వెంట జారింది.

ఆమె పెనుగులాట ఆపేసింది. ఆ నోరు మూసుకుని మళ్లీ తెరుచుకోవడం చాలాసేపు చూసింది.

"దీనికి పడగ ఉందా?"

"లేదు. ఈ జాతికి ఉండదు."

"అయితే నేను మొక్కింది దీనికి కాదు. నా బిడ్డకూ దీనికీ సంబంధం లేదు."

పక్కనున్న రాయి చూపించి, వేయమంది. రెండు చేతులా ఎత్తి తల మీద వేశాను. ఆమె ముందుకు వంగి చూసి, ఇంకొకటి కూడా వేయమంది.