నున్నటి మేస్త్రి పూసిన గోడలు

ఆ వీధిలో అందరూ ఆయన్ని నున్నటి మేస్త్రి అనేవారు. ఆయన పూత పూశాడంటే గోడమీద చెయ్యి జారిపోవాల్సిందే. వెంట్రుకంత బీట కనబడినా ఆయనకు అన్నం సహించదు. కొడుకు పుట్టిన రోజున ఆసుపత్రికి వెళ్లి, ముందు వార్డు గోడ చూసి "ఏ దౌర్భాగ్యుడు పూశాడో" అని తిట్టుకుని, ఆ తర్వాతే బిడ్డను చూశాడట. భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషి వీధి కిందికే మెట్రో సొరంగం వచ్చిపడింది. యంత్రం తవ్వుతుంటే గ్లాసుల్లో నీళ్లు వణికేవి. గోడలు ఒక్కొక్కటే బీటలు వారాయి. స్టేషన్ వస్తే అద్దెలు పెరుగుతాయని ఇంటివాళ్లు సంబరపడ్డారు గానీ, బీటలు చూసి ఎవరు దిగుతారు? మేస్త్రికి చేతినిండా పని దొరికింది. మూడు నెలల్లో పద్నాలుగు ఇళ్లు పూశాడు. అయినా మనసు నిలవదు. కాలుగాలిన పిల్లిలా వీధంతా తిరుగుతూ గోడలు తడిమేవాడు.

పదిహేనోది సొంత అక్కది. బట్టలు కుట్టుకుంటూ ఒక్క గదిలో ఒంటరిగా ఉంటుంది. ఆమె మంచం పక్క గోడ చీలితే, మెట్రోవాళ్లు వచ్చి బీటకు అడ్డంగా ఓ గాజుముక్క అంటించారు. గోడ కదిలితే అది పగులుతుంది. పగిలితే, గోడ బాగయ్యేదాకా ఆమెకు వేరే గది ఇస్తారు. అక్క ఆశంతా దానిమీదే.

ఓ రోజు అక్క కొలతలకని బయటికెళ్లింది. మేస్త్రి ఆ బీటనే చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపని ఓర్చుకుంటాడు పాపం? గాజుముక్క ఊడదీసి, పూత చీలకుండా బీటమీద వలగుడ్డ పరిచి, నున్నగా పూసేశాడు. అక్క వచ్చి శివాలెత్తింది. గాజు మళ్లీ అంటిద్దామంటే పూత పాడవుతుందని ఆయనకు మనసొప్పలేదు.

మూడు వారాలకు మెట్రో ఇంజనీరు కాగితాలతో వచ్చాడు.

"బీట ఏదమ్మా?"

"మా తమ్ముడు కప్పెట్టేశాడు సార్."

"మరి గాజుముక్క?"

మేస్త్రి గుడ్డలో చుట్టి దాచినదాన్ని భద్రంగా తెచ్చిచ్చాడు. "ఒక్క గీత పడకుండా తీశాను సార్."

"ఈ కాగితంలో గాజు పగిలిందా లేదా అనే అడిగారు. పగల్లేదుగా, ఇక వేరే గది రాదు!" అన్నాడు ఇంజనీరు.

"ఒరేయ్, నీ నున్నదనం తగలెయ్య!" అని అక్క నెత్తి కొట్టుకుంది.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఏం చెయ్యాలో తోచక, అలవాటుకొద్దీ వేలి కణుపుతో గోడను తట్టాడు. గట్టి గోడ టక్కుమంటుంది. ఇది బోలుగా మోగింది. పైన తట్టాడు, కింద తట్టాడు. అంతా డొల్లే. పైన పటారం, లోన లొటారం అని తన దగ్గర పనిచేసేవాళ్లను ఎన్నిసార్లు తిట్టాడో! సంచిలోంచి సుత్తి తీసి ఒక్క దెబ్బ వేశాడు.

పూత రేకులా ఊడిపడింది. వెనక ఇటుకలే చీలిపోయి ఉన్నాయి. తను పూసిన రోజు గోరు దూరని సందులో ఇప్పుడు బొటనవేలు దూరుతోంది.

"అందరూ బయటికి నడవండి!" అని ఇంజనీరు అరిచాడు.

మేస్త్రి మంచం వైపు చూశాడు. తలగడ సరిగ్గా ఆ గోడవారనే ఉంది.

"అక్కా, నిన్ను నా చేతులతో నేనే చంపుకునేవాణ్ణి," అని భోరుమన్నాడు.

అక్క తిట్టలేదు. రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది. "నా సంగతి వదిలెయ్. మిగతా పద్నాలుగు ఇళ్లవాళ్లు ఏ గోడ పక్కన పడుకుంటున్నార్రా?"

కాళ్లకింద యంత్రం గురగురమంటూనే ఉంది. మేస్త్రి పక్కింటి తలుపు దబదబా బాదాడు. ఇంటావిడ నవ్వుతూ తీసింది.

"రండి మేస్త్రిగారూ! మీ గోడ చూసే కొత్తవాళ్లు దిగారు. కాస్త మెల్లగా మాట్లాడండి, వాళ్ల పసిపాపను ఇప్పుడే ఆ గోడవార పడుకోబెట్టారు."

మేస్త్రి ఆవిణ్ణి పక్కకు నెట్టి లోపలికి పరుగెత్తాడు.