కోళ్లగూటి పట్టా

మా ఊళ్లో కోడంటే కూరకో పందేనికో. ముచ్చట కోసం పెంచేదాన్ని నేనొక్కదాన్నే. నావి సిల్కీ కోళ్లు. ఒళ్లంతా దూదిలాంటి మెత్తటి ఈకలు, తలమీద కుచ్చు, కింద చర్మం మాత్రం నల్లగా, కాలికి ఐదు వేళ్లు. పౌడరు రాసుకుని పెళ్లికి పోతున్నట్టున్నాయని మా అత్తయ్య ఎద్దేవా చేసేది. పొద్దున్నే నూకలు చల్లేది మాత్రం ఆవిడే.

వాటికి వానంటే గండం. మామూలు కోడి ఈకమీద చినుకు పడితే జారిపోతుంది. సిల్కీ ఈక నీళ్లు పీల్చుకుని చర్మానికి అంటుకుపోతుంది. తడిసి చల్లబడితే ఇక బతకదు. దొడ్లో గూటికి పైన వల తప్ప కప్పు లేదు కాబట్టి టార్పాలిన్ పట్టా కప్పి తాళ్లతో బిగించాను. ఒక మూల చిరిగితే ఎర్రగుడ్డ అతుకేసి దబ్బనంతో కుట్టాను.

ఆ యేడు పుంజును కుక్క ఎత్తుకుపోయింది. మిగిలిన ఒక్క పెట్ట అప్పటికే పొదుగుతోంది. నా సిల్కీల వంశం నిలబడితే ఆ గుడ్లతోనే నిలబడాలి. పిల్లలు దిగే రోజు దగ్గరపడింది. ఒక గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంటే లోపల సన్నగా కిచకిచ వినిపించింది. సంతోషం పట్టలేక అత్తయ్యకు చెప్పాను.

ఆ మధ్యాహ్నమే మబ్బేసింది. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. కాయ కల్లంలో ఉండగా మబ్బేస్తే మా వైపు ఏ పట్టా దేనిదని ఎవరూ అడగరు. చేతికి దొరికింది లాక్కుని పరిగెత్తడమే. కాయ తడిసి బూజు పట్టిందంటే యేడాది కష్టం మట్టిపాలు. నేనూ పరిగెత్తాను. రాశిమీద పట్టాలు పరిచి, గాలికి లేవకుండా తలో మూలా అదిమిపట్టుకుని కూర్చున్నాం. వాన జోరందుకున్నాక నా చేతిలో ఉన్న మూల వంక చూశాను. ఎర్ర అతుకు. నా కుట్లు.

"ఇది నా కోళ్లగూటిదండీ. ఎందుకు తెచ్చారు?" అన్నాను.

అవతలి మూల పట్టుకున్న మా ఆయన తలెత్తలేదు. "ముందు పట్టుకోవే. కాయ తడిసిపోద్ది" అన్నాడు.

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. వదిలితే పట్టా ఎగిరిపోతుంది. ఆయనమీద కోపం, మబ్బుమీద కోపం, చినుక్కి ఆగలేని ఆ ఈకలమీద కూడా కోపం వచ్చింది. మూల మాత్రం వదల్లేదు.

వాన వెలిశాక వెళ్లి చూస్తే పెట్ట గుడ్లమీదే ఉంది. నాలుగడుగులు వేసి గోడవారకు చేరినా బతికేదేమో. పొదుగుతున్న సిల్కీ అలా లేవదు. ఈకలన్నీ అణిగిపోయి పిడికెడంత అయింది. తువ్వాలులో చుట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాను. నా ఒళ్లోనే పోయింది. అత్తయ్య గుడ్లు తీసుకెళ్లి పక్కింటి నాటుపెట్ట కింద పెట్టి వచ్చింది. ఒక్కటీ పిల్ల కాలేదు, కిచకిచమన్నది కూడా.

మర్నాడు మా ఆయన పట్టా కడిగి తెచ్చి ఖాళీ గూటిమీద పరిచాడు. నేను కట్టినదానికంటే గట్టిగా తాళ్లు బిగించాడు. కాయ దక్కింది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

వారం తిరక్కుండా మళ్లీ మబ్బేసింది. ఎవరూ దొడ్లోకి రాకముందే ఆ ముడులన్నీ నేనే విప్పి, పట్టా భుజాన వేసుకుని కల్లానికి నడిచాను.