చిన్న సైజు గ్లౌజులు

మనిషి ఎదురైతే ముందు చేతుల వైపు చూడటం నాకు అలవాటైపోయింది. సంతలో పసుపు తూచే ఆమె చేతులు, బస్సులో టికెట్ ఇచ్చే కండక్టర్ చేతులు. ఇవి లార్జ్, ఇవి స్మాల్ అని లోలోపలే సైజులు కట్టేస్తుంటాను. మా ఆవిడకు నా ఈ జబ్బు సంగతి తెలుసు. ఎందుకు పట్టుకుందో పూర్తిగా చెప్పలేదు.

సాలూరు నుంచి అరకు లోయలో ఒక చిన్న ఆసుపత్రికి ఫార్మసిస్టుగా వచ్చాను. మందులతో పాటు ల్యాబ్ వాళ్ల గ్లౌజులు, మాస్కులు, ఏప్రాన్లు కూడా నా స్టోర్‌లోంచే వెళ్లాలి. ఆ స్టోరంటే నాకు మహా గర్వం. కళ్లు మూసుకుని ఏ పెట్టె ఎక్కడుందో చెప్పేస్తానని గొప్పలు పోయేవాణ్ణి. ఏడాదికోసారి కావలసినవి రాసి పంపే ఇండెంటు మాత్రం పాత కాపీ చూసి, తేదీ మార్చి దించేసేవాణ్ణి. అందులో గ్లౌజులు లార్జ్ అని ఉండేది. అప్పటి ల్యాబ్ టెక్నీషియన్ భారీ మనిషి, చేతులు చేటలంత. ఒకసారి పొరపాటున చిన్న సైజు పెట్టెలు వస్తే, "ఇయేటి, సంటిపిల్లలకా?" అని నవ్వాడు. నేనూ నవ్వి వాటిని ఎక్కడో పెట్టేశాను. స్టాక్ రిజిస్టర్‌లో పెట్టెలు ఎన్నో రాయడానికి గడి ఉంది, సైజుకి లేదు.

ఆయన బదిలీ అయ్యాక ఆ కుర్చీలోకి కొండమ్మాయి ఒకామె వచ్చింది. ఏడాది నిండని పాపను తన తల్లి దగ్గర వదిలి రోజూ జీపెక్కి కొండ దిగి వచ్చేది. చేరిన వారంలోనే స్టోర్ కిటికీ దగ్గరకొచ్చి చేయెత్తి చూపించింది. వేళ్ల చివర గ్లౌజు ఖాళీగా వేలాడుతోంది.

"సారూ, ఇవి నాకు పెద్దవైపోతన్నాయి. సిన్నవి లేవా?"

"లేవమ్మా. అందరికీ ఒకటే సైజు. సర్దుకో," అని మళ్లీ రిజిస్టర్‌లో తల పెట్టాను.

ఆమె ఇంక అడగలేదు. జారిపోకుండా మణికట్టు దగ్గర ఎర్ర రబ్బరు బ్యాండ్లు వేసుకోవడం మొదలుపెట్టింది. "ఏటమ్మా, కొత్త గాజులా? ఏ సంతలో కొన్నావేటి?" అని వేళాకోళమాడేవాణ్ణి. ఆమె నవ్వేది. నేనూ సంబరపడేవాణ్ణి, నా మొహం మండా.

వానాకాలం జ్వరాల రోజుల్లో అది జరిగింది. కడుపు ఉబ్బిన ఒక ముసలాయన రక్తం తీసి గాజు గొట్టానికి మూత పెడుతోందట. గ్లౌజు వేలి చివర ఖాళీ మడత మూతలో ఇరుక్కుంది. లాగబోతే గొట్టం బల్లకి తగిలి పగిలింది. పెంకు గ్లౌజునీ, లోపలి వేలినీ కోసేసింది. నేను వెళ్లేసరికి కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. మణికట్టుకి రబ్బరు బ్యాండు అలాగే ఉంది.

నాలుగు రోజులకి ముసలాయన రిపోర్టు వచ్చింది. హెపటైటిస్ సి, కాలేయాన్ని తినేసే వైరస్. దానికి టీకా లేదు. ఆమెకి అంటిందో లేదో తేలడానికి మూడు నెలలు ఆగాలన్నారు డాక్టరుగారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చిన్న గ్లౌజులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని ఆ మధ్యాహ్నమంతా కొయ్యూరు దాకా ఫోన్లు చేశాను. చివరికి మాకు సరుకు పంపే పెద్ద స్టోరాయన విసుక్కున్నాడు: "సిన్నయన్నీ ఆ యేడాది మీకే పంపేసేం గదా!"

నా స్టోర్‌లోనే పై అరలో, షూ కవర్ల అట్టపెట్టె వెనక ఉన్నాయి. ఆరు పెట్టెలు. వాటి గడువు ఇంకా ఏడాది పైనే ఉంది. నిచ్చెన మీదే కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే ఒక పెట్టె పట్టుకెళ్లి ఇచ్చాను. "నిన్ననే వచ్చాయమ్మా," అన్నాను. అంత అబద్ధం నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. ఆమె పెట్టె మీది దుమ్ము అరచేత్తో తుడిచింది. నా వైపు చూడలేదు.

"మళ్లీ ఒకసారి అడగొచ్చు కదమ్మా?"

"మా ఊర్లో ఒకపాలి లేదన్నాక మళ్లీ అడగం సారూ. లేనోలిని సిగ్గుపెట్టినట్టు అవుద్ది."

మూడు నెలలకి పరీక్ష చేశారు. అంటింది.

మూడు నెలలు మాత్రలు వాడితే తగ్గిపోతుందన్నారు. ఆమె పనికి వస్తూనే ఉంది. అయితే చిన్న సైజు పెట్టెలు అయిపోవాల్సిన దానికంటే బేగి, ముందే అయిపోతున్నాయి. నెమ్మదిగా అడిగాను.

"పాపకి ముద్ద పెట్టడానికి ఇంటికి పట్టుకెల్తన్నాను సారూ. తప్పైతే మానేత్తాను."

"అన్నం పెడితే అంటదని డాక్టరుగారు చెప్పారు కదమ్మా!"

"సెప్పారు. నా సేతి మీద నాకే నమ్మకం పోనాది."

ఇంకో పెట్టె తీసి చేతిలో పెట్టాను. అంతకంటే నేను చేయగలిగింది లేకపోయింది. ఆ రోజుల్లో కంచంలో చెయ్యి పెడితే ఆమె గ్లౌజు వేళ్లే కనిపించేవి.

మాత్రలు అయ్యాయి. ఇంకో మూడు నెలలకి చివరి పరీక్షలో వైరస్ లేదని వచ్చింది. ఆసుపత్రంతా స్వీట్లు పంచుకున్నాం. ఆ వారం సంత రోజున పాపను వెంటబెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం స్టోర్ ముందు బల్ల మీద కూర్చుని టిఫిన్ బాక్స్ తీసి, పప్పన్నం కలిపి, వట్టి చేత్తో ముద్ద చేసి పాప నోటి దగ్గర పెట్టింది. ఎన్ని నెలలకో.

పాప మూతి బిగించి ముఖం తిప్పేసుకుంది. తల్లి బతిమాలింది, పాట పాడింది. ఊహూఁ. పాపే ఆమె సంచిలోకి చెయ్యి దూర్చి వెతికి, ఒక తెల్ల గ్లౌజు లాగి, అమ్మకి ఇచ్చింది.

ఆమె కిటికీలోంచి నా వైపు చూసింది. ఆ పెట్టెలు నిన్ననే వచ్చాయి కావని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

చెయ్యి కడుక్కుని గ్లౌజు తొడుక్కుంది. సరిగ్గా సరిపోయింది.